దసరా సెలవులకు క్రాబి ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: మూసి ఉన్న తీరానికి మా దగ్గర డబ్బు తీసుకున్నారు

థాయిలాండ్‌లోని క్రాబి ప్రావిన్సుకు ప్యాకేజీ కొనాలనుకుంటున్న తెలుగు కుటుంబాలు అడ్వాన్సు చెల్లించే ముందే ఒక విషయం తెలుసుకోవాలి. ఆ ప్యాకేజీల ప్రకటనల్లో అన్నిటికంటే పెద్ద బొమ్మగా కనిపించే, ఫీఫీ దీవుల్లోని మాయా బే అనే సముద్ర తీరం ఏటా ఆగస్టు 1 నుంచి సెప్టెంబరు 30 వరకు సందర్శకులకు మూసి ఉంటుంది. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది కనుక పిల్లల సెలవులు సెప్టెంబరు చివరి వారంలోనే మొదలయ్యాయి, మా ప్రయాణం కూడా సరిగ్గా ఆ వారంలోనే పడింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్న ఆలోచన మాకు రాలేదు. మాకు అమ్మిన ఏజెన్సీకి మాత్రం ఆ సంగతి తెలుసు, తెలిసే చెప్పలేదన్నది నా ఫిర్యాదు.

మేము విజయవాడలో ఉంటాము. హైదరాబాదులోని ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర నేను, నా భార్య, మా అత్తగారు, ఇద్దరు పిల్లలు కలిపి ఐదుగురికి విమాన టికెట్లతో సహా 2,40,000 రూపాయలకు నాలుగు రాత్రుల ప్యాకేజీ తీసుకున్నాము. వాట్సాప్‌లో పంపిన కార్యక్రమంలో మొదటి రోజు ఆవ్ నాంగ్ తీరంలో విశ్రాంతి, రెండవ రోజు స్పీడ్ బోటులో ఫీఫీ దీవులు, మాయా బే, మూడవ రోజు నాలుగు దీవుల యాత్ర, నాలుగవ రోజు రైలే తీరం అని స్పష్టంగా రాశారు. సెప్టెంబరులో వానలు ఉంటాయి కదా అని నేను ఫోనులో అడిగినప్పుడు, అక్కడ వాన పది నిమిషాలు పడి ఆగిపోతుందని, తమ ద్వారా ప్రతి వారం కుటుంబాలు వెళ్లి వస్తున్నాయని చెప్పారు. మాయా బే మూసి ఉంటుందన్న మాట ఆ సంభాషణలో ఒక్కసారి కూడా రాలేదు.

మాయా బే ఎందుకు మూస్తారో తెలిస్తే, అది ఎవరి పలుకుబడితోనూ తెరుచుకునేది కాదని అర్థమవుతుంది. రోజుకు వేల మంది దిగడం వల్ల, పడవలు లంగర్లు వేయడం వల్ల అక్కడి పగడపు దిబ్బలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. 2018 జూన్‌లో థాయి ప్రభుత్వం ఆ తీరాన్ని పూర్తిగా మూసివేసి, మళ్లీ 2022 జనవరిలోనే తెరిచింది. ఆ తరువాత కూడా ప్రకృతి కోలుకునేందుకు ఏటా రెండు నెలలు మూసి ఉంచుతున్నారు. తెరిచి ఉన్న నెలల్లో కూడా పడవలు వెనుకవైపు ఉన్న లో సమా బే దగ్గరే ఆగాలి, నీటిలో ఈత కొట్టడానికి అనుమతి ఉండదు. ఈ నియమం చాలా మంచిదని నా అభిప్రాయం. అందులో తప్పేమీ లేదు. మూసి ఉన్నదాన్ని తెరిచి ఉన్నట్టు చూపి అమ్మడమే తప్పు.

రెండవ రోజు ఉదయం నొప్పరత్ థారా రేవులో పడవ ఎక్కబోతుండగా, మా వోచరులో మాయా బే లేదని స్థానిక ఆపరేటరు మనిషి చెప్పాడు. మా ఏజెన్సీ బుక్ చేసినది ఫీఫీ డాన్, బాంబూ దీవి మాత్రమేనని, మాయా బేను దూరం నుంచి పడవలో కూర్చునే చూపిస్తామని, ఆ విషయం ఏజెన్సీకి మూడు వారాల క్రితమే రాతపూర్వకంగా తెలియజేశామని తన ఫోనులో ఉన్న ఈమెయిల్ తీసి చూపించాడు. నేను దాన్ని ఫోటో తీసుకున్నాను. ఇప్పుడు నా చేతిలో ఉన్న అతి ముఖ్యమైన సాక్ష్యం అదే.

అదే రేవులో జాతీయ పార్కు ప్రవేశ రుసుము విడిగా కట్టమన్నారు. ఫీఫీ దీవుల పార్కుకు విదేశీయులైన పెద్దలకు 400 బాత్, పిల్లలకు 200 బాత్. అంటే మా ఐదుగురికి 1,600 బాత్, మన డబ్బులో నాలుగు వేల రూపాయల పైమాటే. ప్రవేశ రుసుములన్నీ కలిపి అని ఏజెన్సీ రాసిన వాక్యం చూపిస్తే, అది పడవ టికెట్టు గురించేనని ఫోనులో సమాధానం వచ్చింది. పడవవాళ్లను ఇందులో నేను తప్పు పట్టను. వాళ్లకు అందిన ఆర్డరు ప్రకారమే వాళ్లు నడుచుకున్నారు, మా అత్తగారిని చేయి పట్టుకుని జాగ్రత్తగా దించారు.

హోటలు విషయంలో జరిగిన మోసం ఇంకా సూక్ష్మమైనది. క్రాబి అన్నది ప్రావిన్సు పేరూ, దాని ముఖ్య పట్టణం పేరూ కూడా. క్రాబి పట్టణం నది ఒడ్డున ఉంటుంది, అక్కడ సముద్రపు ఇసుక తీరం ఉండదు. పర్యాటకులు కోరుకునే ఆవ్ నాంగ్ తీరం అక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. మాకు మొదట రాసిచ్చిన ఆవ్ నాంగ్ హోటలు పక్కన ‘లేదా అదే స్థాయి హోటలు’ అన్న మాట ఉంది. ఆ ఒక్క మాట ఆధారంగా ప్రయాణానికి రెండు రోజుల ముందు మమ్మల్ని క్రాబి పట్టణంలోని హోటలుకు మార్చి, నక్షత్రాలు సమానమే కదా అన్నారు. గది శుభ్రంగానే ఉంది. కానీ సముద్రం కోసం వెళ్లినవాళ్లం సముద్రం చూడటానికి రోజూ సొంత ఖర్చుతో రానూపోనూ బండ్లు మాట్లాడుకోవలసి వచ్చింది. కనుక హోటలు పేరుతో పాటు అది ఏ తీరానికి ఎంత దూరంలో ఉందో, మారిస్తే ఎంత డబ్బు తిరిగి ఇస్తారో రాయించుకోండి. రైలే తీరానికి సున్నపురాయి కొండలు అడ్డం కావడం వల్ల రోడ్డు లేదు, పడవలోనే చేరాలి. వృద్ధులు ఉన్న కుటుంబాలు సామానుతో పడవ ఎక్కి దిగగలమా అన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి.

మూడవ రోజు సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో పడవలను ఆపేశారు. మే నుంచి అక్టోబరు వరకు నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రపు తీరాన్ని నేరుగా తాకుతాయి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాన మరీ ఎక్కువ. అటువంటి రోజున ప్రయాణాన్ని ఆపడం ప్రాణరక్షణ కోసం చేసే పని, దానికి అందరం తలవంచాల్సిందే. అయితే నాలుగు దీవుల యాత్రకు బదులు నగర దర్శనం అని చెప్పి మమ్మల్ని రబ్బరు పరుపుల దుకాణానికి, నగల దుకాణానికి, తేనె దుకాణానికి తిప్పారు. డబ్బు తిరిగి అడిగితే, ప్రత్యామ్నాయ యాత్ర ఇచ్చాము కాబట్టి ఏమీ రాదన్నారు. పిల్లలు ఎదురుచూసినది పోటు తగ్గినప్పుడు దీవుల మధ్య బయటపడే థలే వేక్ ఇసుక దారి కోసం. దుకాణం బయట వానలో నిలబడి మా చిన్నవాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇంకో రెండు వసూళ్ల గురించి కూడా చెప్పాలి. థాయిలాండ్ వెళ్లేవారు 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది అక్కడి ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో పూర్తిగా ఉచితం, ప్రయాణానికి ముందు మూడు రోజుల్లో ఎవరైనా ఇంట్లో కూర్చుని నింపుకోవచ్చు. మా దగ్గర మనిషికి వెయ్యి చొప్పున 5,000 రూపాయలు తీసుకున్నారు. రెండవది, విదేశీ ప్యాకేజీపై టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) అని 5 శాతం చొప్పున 12,000 రూపాయలు వసూలు చేశారు. ఆ పన్ను నిజంగానే ఉంది, 2025లో రేటు కూడా అంతే. కానీ కట్టిన మొత్తం మన పాన్ నంబరు మీద 26ఏఎస్ పత్రంలో (మన పేరున జమ అయిన పన్నుల వివరాలు చూపే పత్రం) కనిపించాలి, అప్పుడే రిటర్నులో సర్దుబాటు చేసుకోగలం. మా పత్రంలో ఇప్పటివరకు ఒక్క రూపాయి కూడా కనిపించలేదు. డబ్బంతా యజమాని వ్యక్తిగత ఖాతాకు యూపీఐ ద్వారా పంపించుకున్నారు, జీఎస్టీ బిల్లు ఇవ్వలేదు. వ్యక్తిగత ఖాతా నంబరు పంపినప్పుడే నేను ఆగిపోవలసింది.

వేసవి సెలవుల్లో వెళ్లేవారికి కూడా ఇదే జాగ్రత్త అవసరం. పక్కనున్న ఫాంగ్ ఙా ప్రావిన్సులోని సిమిలన్ దీవులు మే నెల మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మూసి ఉంటాయి, క్రాబిలోని కో లాంటా జాతీయ పార్కులో కొన్ని దీవులు కూడా దాదాపు అంతే. సముద్రం నిలకడగా ఉండేది నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, అంటే సంక్రాంతి సెలవులు అందుకు సరిగ్గా సరిపోతాయి. ఆ రోజుల్లో ధరలు ఎక్కువే అయినా, చూడలేని దీవులకు తక్కువ ధర కట్టడం కంటే అదే నయమని నేను ఇప్పుడు నమ్ముతున్నాను.

తిరిగి వచ్చాక ఏజెన్సీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపితే, వచ్చే ప్రయాణంలో 8,000 రూపాయల తగ్గింపు ఇస్తామని మాత్రమే జవాబు వచ్చింది. దాన్ని నేను అంగీకరించలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, అక్కడ పరిష్కారం కాకపోవడంతో మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పత్రాలు సిద్ధం చేస్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏజెన్సీ ఏ ఊళ్లో ఉన్నా మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము ఉండదు, రెండేళ్ల గడువు ఉంటుంది. వాట్సాప్ సందేశాలు, వోచర్లు, రేవులో కట్టిన రసీదులు దాచుకోండి. థాయిలాండ్‌లో ఉండగానే ఇబ్బంది ఎదురైతే 1155కు ఫోను చేస్తే టూరిస్టు పోలీసులు ఇంగ్లీషులో మాట్లాడతారు.

ఇప్పటికే ఆగస్టు, సెప్టెంబరు తేదీలకు క్రాబి ప్యాకేజీ కొన్నవారు ఉంటే, మీ కార్యక్రమంలో మాయా బే పేరు ఉందేమో ఈ రోజే చూసుకోండి. ఉంటే, ఆ తేదీన అది మూసి ఉంటుంది కాబట్టి దాని బదులు ఏమి చూపిస్తారు, ఎంత తగ్గిస్తారు అని ఏజెన్సీని ఫోనులో కాకుండా సందేశం ద్వారా అడగండి. మిగిలిన సొమ్ము వారి జవాబు రాతలో వచ్చిన తరువాతే కట్టండి.