కరోనా రూల్స్ ఉన్నప్పుడు వేరే దేశానికి ఫెర్రీనా, ఫ్లైటా?

గాలి సంగతి: ఫ్లైట్‌లో హెపా ఫిల్టర్లుంటాయి (గాలిలోని వైరస్‌లాంటి సన్నటి కణాల్ని పట్టేసేవి), గాలి గంటకి 20 సార్లకు పైనే మారుతుంది, అసలు భయం ఎయిర్‌పోర్ట్ క్యూల్లోనే. ఫెర్రీలో, అంటే మనుషుల్నీ కార్లనీ సముద్రం దాటించే ఓడలో, డెక్ మీద నిలబడితే సముద్రపు గాలే, రాత్రి ప్రయాణమైతే క్యాబిన్ తీసుకుని తలుపేసుకోవచ్చు, కానీ దారంతా కార్లోనే కూర్చుంటామంటే చాలావాటిల్లో కుదరదు.

ఖర్చు: ఒక్కరైతే ఎక్కువగా ఫ్లైటే చవక. నలుగురు కారేసుకుని వెళ్తే ఫెర్రీ, దిగాక బస్సులూ ట్యాక్సీలూ ఎక్కే పనుండదు. కారు లేనివాళ్లని 2020లో కొన్ని ఫెర్రీలు ఎక్కించుకోలేదు, ముందే కనుక్కోండి.

టెస్టు: ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. 72 గంటల లోపు చేయించిన కరోనా టెస్టు కావాలని రూల్ ఉంటే, ఆ 72 గంటలు ఎక్కేవరకా, దిగేవరకా? దిగేవరకైతే ఫెర్రీలో గడిచే రాత్రి కూడా అందులోంచే పోతుంది.

బోర్డర్ మూస్తే: రెండూ ఒకటే. 2020 డిసెంబర్‌లో బ్రిటన్ నుంచి రావడాన్ని ఫ్రాన్స్ 48 గంటలు ఆపినప్పుడు ఫ్లైట్లతో పాటు ఫెర్రీలూ ఆగాయి, ఇంగ్లండ్‌లోని డోవర్ రేవు దగ్గర లారీలు బారులు తీరాయి పాపం.

పిల్లలూ పెద్దవాళ్లూ సామానూ ఉండి సముద్రం దాటేది కొన్ని గంటలే అయితే ఫెర్రీయే నయం. ఒంటరిగా దూరం పోవాలంటే, టెస్టు టైమ్ టైట్‌గా ఉంటే, మంచి మాస్కు పెట్టుకుని ఫ్లైట్ ఎక్కేయండి.