ఐపీవీ6 ఆపేయాలా, ఉంచాలా? ఉబుంటులో, విండోస్‌లో కొన్నేళ్లు వాడాక

నెట్ కాస్త స్లో అయితే చాలు, "ఐపీవీ6 ఆపేసి చూడు" అని ఎవరో ఒకరు అంటారు. ఇంటర్నెట్‌లో పరికరాలకు అడ్రస్‌లిచ్చే కొత్త పద్ధతి ఐపీవీ6, పాతది ఐపీవీ4. ఇంట్లో ఉబుంటు ల్యాప్‌టాప్‌లో, విండోస్ డెస్క్‌టాప్‌లో దాన్ని ఆపీ వాడాను, ఆన్‌లో ఉంచీ వాడాను. నా ఓటు ఉంచడానికే.

ఆపడం పెద్ద పనేం కాదు. విండోస్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్‌కి వెళ్లి ఒక టిక్ తీసేయాలి, ఉబుంటులో వైఫై సెట్టింగ్స్‌లోనే డిసేబుల్ ఉంటుంది. బ్రౌజింగ్‌లో మాత్రం తేడా తెలియదు. ఐపీవీ6 దారి తడబడితే బ్రౌజర్లు సెకనులో పావు వంతు ఆగి ఐపీవీ4 దారి కూడా పట్టి, ఏది ముందు కలిస్తే దాంతో సాగిపోతాయి.

నన్ను ఏడిపించింది దూరపు సర్వర్‌లోకి లాగినయ్యే ఎస్‌ఎస్‌హెచ్. ఆఫీసు సర్వర్‌కి కనెక్ట్ అయినట్టే అయి, ఎన్‌క్రిప్షన్ కీల మార్పిడి దగ్గర బిగుసుకుపోయేది. కమాండ్‌కి మైనస్ 4 (ఐపీవీ4లోనే వెళ్లమని) తగిలిస్తే చటుక్కున లాగిన్. తప్పు ఐపీవీ6దే అనిపిస్తుంది గానీ అసలు దొంగ ఎంటీయూ, అంటే ఒక్కో డేటా ప్యాకెట్‌కి ఉండే గరిష్ఠ సైజు. మా ఫైబర్ కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతి) మీద నడుస్తుంది కాబట్టి ప్యాకెట్ 1500 బైట్లు పట్టదు, 1492 దాకానే. ఐపీవీ6లో దారి మధ్య రూటర్లు పెద్ద ప్యాకెట్‌ని ముక్కలు చేయవు, సైజు ఎక్కువైందని ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే మెసేజ్) కబురు వెనక్కి పంపుతాయి. ఆ కబురును ఏ ఫైర్‌వాలో మింగేసిందా, చిన్న ప్యాకెట్లు వెళ్తుంటాయి, పెద్దవి జాడ లేకుండా పోతాయి. కస్టమర్ కేర్‌కి ఇదంతా చెబితే "రూటర్ ఒకసారి రీస్టార్ట్ చేయండి సార్" అన్నారు! ల్యాప్‌టాప్‌లో ఎంటీయూ 1492కి దించాక ఆ బెడద వదిలింది.

అంత ఓపిక లేకపోతే పూర్తిగా ఆపకుండా ఐపీవీ4కి ప్రాధాన్యం ఇవ్వొచ్చు. విండోస్ రిజిస్ట్రీలో డిసేబుల్డ్ కాంపొనెంట్స్ విలువ హెక్స్‌లో 20 పెట్టి రీస్టార్ట్ చేస్తే సరి. ఆపేయడం కన్నా ఇదే మేలని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఉబుంటులో అయితే ఈటీసీ ఫోల్డర్‌లోని జీఏఐ కాన్ఫ్ ఫైల్‌లో ఇందుకోసమే కామెంట్ చేసి ఉంచిన లైన్ ఒకటుంది, దాని ముందున్న హ్యాష్ తీసేయాలి.

ఉంచినందుకు నాకు దక్కిన లాభం వేరే ఉంది. మా కనెక్షన్‌కి వచ్చే ఐపీవీ4 అడ్రస్ 100.64 వరసలోది, అంటే చాలామంది ఇళ్లకు కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవాటిని రూటర్ ఇంటి కంప్యూటర్‌కి మళ్లించడం) ఎంత చేసినా బయటి నుంచి ఇంటి కంప్యూటర్‌కి రాలేం. ఐపీవీ6లో ఆ గొడవ లేదు. రూటర్ ఫైర్‌వాల్‌లో ఒక రూల్ రాస్తే ఊరెళ్లినప్పుడు ఫోన్ డేటా మీద నుంచే ఇంట్లో ఫైళ్లు అందుతున్నాయి. చిరాకల్లా రూటర్ రీస్టార్ట్ అయినప్పుడల్లా ప్రిఫిక్స్ (అడ్రస్ ముందు భాగం) మారిపోవడం. మారే అడ్రస్‌ని ఒకే పేరుకి కట్టి ఉంచే డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకోక తప్పలేదు.

నేను నిజంగా ఆపేసేది ఒక్క వీపీఎన్ (ట్రాఫిక్‌ని దాచి వేరే సర్వర్ మీదుగా పంపే సర్వీస్) విషయంలోనే. కొన్ని వీపీఎన్‌లు ఐపీవీ4ని మాత్రమే టన్నెల్‌లోకి తీసుకుంటాయి, ఐపీవీ6 ట్రాఫిక్ పక్కనుంచి నేరుగా బయటికి పోతుంది. వీపీఎన్ ఆన్ చేసి, ఐపీ అడ్రస్ చూపించే ఏ సైట్‌లోనైనా చూడండి. అక్కడ మీ ఇంటి ఐపీవీ6 అడ్రస్ కనిపిస్తే, ఆ వీపీఎన్ వాడినంతసేపూ ఐపీవీ6ని డిసేబుల్ చేసి ఉంచండి.