జాగ్రత్త: మగవారి దిగులును రక్తపరీక్షతో తేల్చేస్తామంటున్న హార్మోన్ ప్యాకేజీ

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఉండే తెలుగువారికి ఈ మధ్య ఫోన్లలోనూ, దుకాణాల కౌంటర్ల మీద కరపత్రాల్లోనూ ఒక ప్రకటన తరచుగా కనిపిస్తోంది. మగవారిలో డిప్రెషన్, ఆందోళన ఉన్నాయో లేదో ఒకే ఒక్క రక్తపరీక్షతో తేల్చి చెబుతామని, టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్), కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్), ప్రొలాక్టిన్ (మరో హార్మోన్), టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పనితీరు చెప్పేది) వంటివన్నీ కలిపి ఇంటికే వచ్చి నమూనా తీసుకుంటామని తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చువేశారు. పట్టుచీరల దుకాణంలో పనిచేసే మా బావమరిది దాదాపు ఐదు వేల రూపాయలు కట్టి ఈ ప్యాకేజీ తీసుకున్నాడు. వచ్చిన రిపోర్టును, దాని వెనకాలే మొదలైన ఫోన్లను, ఆ ఫోన్లలో అంటగట్టబోయిన ఇంజెక్షన్లను చూశాక, ఇంకొకరు డబ్బు కట్టకముందే ఈ సంగతులు రాయాలనిపించింది.

డిప్రెషన్‌ను గాని, ఆందోళన రుగ్మతను గాని నిర్ధారించే హార్మోన్ పరీక్ష ఏదీ వైద్యంలో లేదు. అందుకు ప్రయత్నాలు జరగకపోలేదు. రాత్రి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, మర్నాడు రక్తంలో కార్టిసాల్ అణిగిందో లేదో చూస్తే తీవ్రమైన డిప్రెషన్‌ను పట్టుకోవచ్చని 1981లో మానసిక వైద్యుడు బెర్నార్డ్ కారల్ బృందం ప్రతిపాదించింది. డిప్రెషన్ ఉన్నవారిలో చాలామందికి ఆ పరీక్ష మామూలుగానే రావడం, వేరే జబ్బులున్నవారికీ బరువు బాగా తగ్గినవారికీ తేడాగా రావడం తర్వాత బయటపడి, అది రోజువారీ నిర్ధారణకు పనికిరాకుండా పోయింది. డిప్రెషన్ ఉన్న కొందరిలో కార్టిసాల్ ఎక్కువగా ఉంటుందన్న మాట, టెస్టోస్టెరాన్ బాగా పడిపోయిన మగవారిలో నిస్సత్తువ, దిగులు కనిపించవచ్చన్న మాట నిజమే. అయితే అవి ఎంతోమందిని కలిపి లెక్కించినప్పుడు తేలే సగటు తేడాలే తప్ప, ఒక మనిషి రిపోర్టులోని అంకెను చూసి అతని మనసు ఎలా ఉందో చెప్పగలిగేవి కావు. ప్రకటన రాసినవారికి ఈ తేడా తెలియదని నేననుకోను.

ఇక ఆ రిపోర్టు సంగతి. నమూనా తీసిన సమయం రాత్రి 7.40 అని పైనే అచ్చయి ఉంది. కుర్రవాడు సూదితో వచ్చేసరికి మా బావమరిది దుకాణం నుంచి వచ్చి, పకోడీలు తిని, టీ తాగి కూర్చున్నాడు. ఏమైనా తిన్నారా అని అతను అడగనైనా లేదు. కార్టిసాల్ 4.1 అని రాసి పక్కన ఎర్రటి బాణం గుర్తు కిందికి వేశారు. ఎదురుగా ఉన్న సాధారణ పరిధి మాత్రం ఉదయం 7 నుంచి 10 గంటల మధ్య తీసిన రక్తానిదని చిన్న అక్షరాల్లో ఉంది. కార్టిసాల్ తెల్లవారి నిద్ర లేచిన అరగంట ప్రాంతంలో శిఖరానికి చేరి, పొద్దుగూకేకొద్దీ తగ్గుతూ, అర్ధరాత్రి వేళకు అట్టడుగుకు చేరుతుంది. రాత్రి తీసిన రక్తాన్ని పొద్దుటి కొలతతో తూచి, తక్కువైందని బాణం వేసి, దానికి ‘అడ్రినల్ అలసట’ (కార్టిసాల్ తయారుచేసే గ్రంథులు అలసిపోవడం) అని పేరు పెట్టారు. హార్మోన్ వైద్య నిపుణుల సంఘాలు అలాంటి జబ్బునే గుర్తించలేదు. ఎక్కువగా ఉంటే డిప్రెషన్ అని కరపత్రంలో చెప్పి, తక్కువగా ఉన్నా డిప్రెషనే అని ఫోన్‌లో చెప్పడం వీరికే చెల్లింది.

టెస్టోస్టెరాన్ విషయంలోనూ ఇదే తంతు. అది కూడా ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. తిన్న తర్వాత ఇంకా తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం వేళ, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూసి గాని లోపమని తేల్చకూడదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వీరి రిపోర్టులో 287 వచ్చింది. తర్వాత డాక్టరు చెప్పగా ఉదయం పరగడుపున వేరేచోట చేయిస్తే 402 వచ్చింది. జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కూడా ఇలాంటి హార్మోన్ పరీక్షల్లో కొన్నింటిని తప్పుదారి పట్టిస్తాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2017లోనే హెచ్చరించింది, ఆ ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ తర్వాతి ఫోన్. ‘కన్సల్టెంట్’ అని చెప్పుకున్న వ్యక్తి “సార్, మీ మగ హార్మోన్ అడుగంటిపోయింది, మీ దిగులుకు కారణం అదే, కోర్సు ఈ వారమే మొదలుపెట్టాలి” అంటూ టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లకు ముందుగానే డబ్బు పంపమన్నాడు. మా బావమరిదికి ఈమధ్యే పెళ్లయింది. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే మెదడు నుంచి వృషణాలకు అందే సంకేతాలు అణిగి, వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది. వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ ఇంజెక్షన్‌ను మగవారి గర్భనిరోధక సాధనంగా పరీక్షించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రయోగం 1990లోనే ప్రచురితమైంది. పిల్లల కోసం చూస్తున్నారా అన్న ఒక్క మాటైనా అడగకుండా, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని ఈ మందును ఫోన్ మీద బేరం పెట్టడాన్ని ఏమనాలో మీరే చెప్పండి. డబ్బు వాపసు అడిగితే, నమూనా తీశాక వాపసు ఉండదని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నారు.

ప్యాకేజీలో పనికొచ్చేది బొత్తిగా లేదనను. థైరాయిడ్ మందగిస్తే దిగులుగా, అతిగా పనిచేస్తే ఆందోళనగా కనిపించవచ్చు కనుక టి.ఎస్.హెచ్. చూడడంలో అర్థముంది, డాక్టరు రాస్తే ఆ ఒక్క పరీక్షకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. మిగిలినదంతా ఎదురుగా కూర్చొని అడిగి తెలుసుకోవలసిందే: నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి, చావు గురించిన ఆలోచనలు, ఇవి రెండు వారాలకు పైగా విడవకుండా ఉన్నాయా అన్నది. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లడానికి మొహమాటపడేవారు, ఊరు దూరమైనవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇప్పటికే ఈ ప్యాకేజీకి డబ్బు కట్టినవారు కరపత్రం, బిల్లు, నమూనా సమయం కనిపించే రిపోర్టు పేజీ జాగ్రత్తగా దాచుకొని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి; మేమూ చేయించాం, జవాబు ఇంకా రావలసి ఉంది.