ష్పిట్స్ వైన్, మన చేపల పులుసు

వియన్నాలో ఉంటూ, వాఖౌ లోయలో ష్పిట్స్ అనే ఊరి దగ్గరి ఒక చిన్న కుటుంబం దగ్గర కొన్నేళ్లుగా వైన్ కొంటున్నాను. వాళ్ళ సరుకు దుకాణాలకు రాదు, ఇంటి గుమ్మంలోనే అయిపోతుంది. డాన్యూబ్ ఒడ్డున ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి కాబట్టి ఎవరిదన్నది కాదు, ఏ సీసా తీసుకోవాలో చెబుతాను.

ఇక్కడ తెల్ల వైన్‌దే రాజ్యం: గ్రూనర్ ఫెల్ట్‌లీనర్, రీస్లింగ్ అనే రెండు ద్రాక్ష రకాలవి. నిటారు కొండకు మెట్లు మెట్లుగా రాతి గోడలు పేర్చి తోటలు వేశారు. అక్కడికి యంత్రం ఎక్కదు, కోత చేత్తోనే. సీసా మీద మూడు పేర్లలో ఒకటి కనిపిస్తుంది. ష్టైన్‌ఫేడర్‌లో ఆల్కహాల్ 11.5 శాతం దాటదు, ఫేడర్‌ష్పీల్ 12.5 దాకా, స్మారాగ్ట్ ఆ పైన. స్మారాగ్ట్ అంటే ఆ గోడల మీద ఎండ కాచుకునే పచ్చ బల్లి. వైన్‌కి బల్లి పేరేమిటని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

గొప్పదని అందరూ స్మారాగ్టే కొంటారు. మన వంటకు మాత్రం దాని జోలికి పోకండి. ఆల్కహాల్ ఎక్కువున్నకొద్దీ నోట్లో కారం ఇంకా మండుతుంది. ఈ ఇంట్లో దాదాపు సగం ధరకే వచ్చే ఫేడర్‌ష్పీల్ మన భోజనానికి అంతకంటే బాగా నప్పుతుంది.

చేపల పులుసుకైతే రీస్లింగ్ ఫేడర్‌ష్పీల్. చింతపండు ముందు పులుపు తక్కువ వైన్ నీళ్ళలా తేలిపోతుంది, రీస్లింగ్ మాత్రం నిలబడుతుంది. పక్క ప్రాంతం వాల్డ్‌ఫీర్టెల్ చెరువుల కార్ప్ చేప మన బొచ్చెకు చుట్టమే, పులుసుకు భేషుగ్గా ఉంటుంది, ముళ్ళతో సహా. గ్రూనర్‌లో తెల్ల మిరియాల వాసన ఉంటుంది కనుక మిరియాల కోడి వేపుడుకూ, పెసరట్టుకూ పోస్తాను. అల్లం పచ్చడిలో బెల్లం తగ్గించాలి, లేకపోతే వైన్ మరీ పుల్లగా తగులుతుంది. గోంగూర, ఆవకాయల దగ్గర ఏ సీసా పప్పులూ ఉడకలేదు. మజ్జిగ తాగండి.

స్మారాగ్ట్‌ని ఐదారేళ్ళు పక్కన పెట్టి, ఇక్కడి వంటతో తీయండి. ఉడికించిన గొడ్డుమాంసం టాఫెల్‌ష్పిట్స్‌తో అద్భుతం. వసంతంలో వచ్చే తెల్ల ఆస్పరాగస్ అనే కూర చాలా వైన్‌ల రుచి చెడగొడుతుంది, దానికి మాత్రం మళ్ళీ గ్రూనరే.

ఏడాదిలో కొన్ని వారాలు ఆ కుటుంబం వాళ్ళే హొయిరిగర్ నడుపుతారు, అంటే సొంత వైన్ పోసే పెరటి హోటల్. రైతులు ఇలా అమ్ముకోవడానికి 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి అనుమతిచ్చాడు. గుమ్మానికి పచ్చని కొమ్మ కట్టి ఉంటే తెరిచినట్టు. శాకాహారులకు లిప్టావర్ ఉంది, మిరపపొడి కలిపిన మెత్తటి జున్ను, రొట్టెకు రాసుకుంటారు. పక్క గిన్నెలో తెల్లగా కనిపించేది పంది కొవ్వు కావచ్చు, అడిగి తినండి.

లోపాలూ ఉన్నాయి. ఎండలు మండిన ఏడాది గ్రూనర్ బరువెక్కి, పులుపు తగ్గి, నాకు నచ్చలేదు. ఆ ఏడు రీస్లింగే కొన్నాను. కార్డు తీసుకోరు. వైన్ ఒంపి రుచి చూపిస్తారు, తిరుగు ప్రయాణంలో కారు నడిపేవాళ్ళకు అది శిక్షే. దగ్గరి పట్టణం క్రెమ్స్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు ఉన్నాయి. ఆరు సీసాల డబ్బా మోసుకురావడానికి ఓ స్నేహితుణ్ణి తీసుకెళ్ళండి.