విశాఖ పెదవాల్తేరులో మా పాత ఇంటి కిటికీ లింటెళ్ళు బాగుచేసిన మేస్త్రి బృందం: ఐదుకి నాలుగున్నర

బీచ్‌కి దగ్గర్లో పాత ఇల్లు ఉన్నవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను. పని చాలా బాగా చేశారు. అర మార్కు ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

మాది 1980ల్లో కట్టిన రెండంతస్తుల డాబా. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడలే బరువంతా మోస్తాయి. అలాంటి ఇంట్లో కిటికీ మీద లింటెల్, అంటే పైగోడని మోసే కాంక్రీటు దూలం, పాడైందంటే దాని పైనున్న గోడకి ఆధారం పోయినట్టే. తూర్పు వైపు మూడు కిటికీలకీ 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత చెమ్మ పట్టుకుంది. మెల్లగా సన్‌షేడ్ కింద పెచ్చులు ఊడటం మొదలైంది. తర్వాత లింటెల్ అడుగున ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి పగులు, దాని వెంట గోధుమరంగు మరక. ఒకాయన వచ్చి ఊడినచోట సిమెంటు రుద్ది, రంగేసి, డబ్బు తీసుకుని వెళ్ళాడు. లోపల తుప్పు తుప్పుగానే ఉండిపోయింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, తన మీదున్న కాంక్రీటుని బయటికి తోస్తుంది. ఆ అతుకంతా ఒక రాత్రి ఊడి, మా మనవరాలు రోజూ సైకిల్ పెట్టుకునే చోట పడింది.

ఈ మేస్త్రి గారు వచ్చాక ముందు రేటు మాట్లాడలేదు. చిన్న సుత్తి తీసి లింటెల్ పొడవునా కొట్టుకుంటూ వెళ్ళారు. ఖణేల్‌మంటే గట్టిది, డొల్లగా మోగితే లోపల విడిపోయినట్టు. డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీశారు. మధ్య కిటికీ దగ్గర ఒక ముక్క కొట్టించి రాడ్డు చూపించారు. "ఇది పన్నెండు ఎమ్మెమ్ రాడ్డమ్మా, ఇప్పుడు పెన్సిలంత కూడా లేదు. దీనికి పైపూత వేస్తే నన్ను మీరే తిడతారు. ఇది మార్చేద్దాం. అటూ ఇటూ వాటికి రిపేరు చాలు" అన్నారు. మూడూ మార్చాలంటే నేను కాదనేదాన్ని కాదు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

మార్చే పద్ధతి చూడాలి. పాత లింటెల్ మీద చెయ్యి వెయ్యకముందే దానిపై గోడలో రెండు కన్నాలు పెట్టి, ఇనుప దూలం ముక్కలు ఇటు నుంచి అటు దూర్చి, లోపలా బయటా సరుగుడు కర్రలతో పోట్లు బిగించారు. గదిలో స్లాబు కింద కూడా జాకీలు పెట్టారు. అప్పుడుగానీ సుత్తి పట్టలేదు. పాతది తీసి చూస్తే ఎడమ వైపు గోడ మీద నాలుగంగుళాలు కూడా కూర్చోలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన పగులు ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. కొత్తది రెండు వైపులా తొమ్మిదేసి అంగుళాలు కూర్చోబెట్టారు. నాలుగడుగుల కిటికీకి ఐదున్నర అడుగుల లింటెల్.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పాను కాబట్టి రాడ్లు కడుతున్నప్పుడు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. లింటెల్ పైబరువుకి కిందికి వంగుతుంది, సాగేది అడుగు భాగం, అందుకని మెయిన్ రాడ్లు అడుగున ఉండాలి. లింటెల్‌తో కలిపి పోసే సన్‌షేడ్ ఒకవైపే పట్టు ఉండి గాల్లో వేలాడుతుంది. దానికి సాగేది పై భాగం, కాబట్టి రాడ్లు పైన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కుర్ర కూలీ ఒకడు ఆ పై రాడ్ల మీద కాలేశాడు. మేస్త్రి గారు పని ఆపించేశారు. రాడ్లు పైకి లేపి, కింద వాటిని ఎత్తులో నిలిపే కవర్ బ్లాకులు, చిన్న చిన్న ఇనుప కుర్చీలు సరిచేసి, మళ్ళీ కొలిచాకే మాలు పొయ్యనిచ్చారు. ఒక్క అంగుళం కిందికి దిగినా సన్‌షేడ్ బలం సగం పోతుంది. పోశాక ఆ తప్పు బయటికి కనపడదు కూడా.

కవర్ గురించి, అంటే రాడ్డు మీద ఉండే కాంక్రీటు మందం గురించి, ప్రత్యేకంగా చెప్పాలి. సముద్రతీరంలో కాంక్రీటుకి ఐఎస్ 456 కోడ్ (కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం) చెప్పేది 45 మిల్లీమీటర్ల కవర్. మా పాత లింటెల్‌లో అరంగుళం కూడా లేదు. ఉప్పు గాలి రాడ్డు దాకా చేరడానికి ఎంతసేపు? ఈయన కొలత పెట్టి మరీ ఇచ్చారు. కలపడానికి మా బోరు నీళ్ళు వద్దన్నారు, ఉప్పదనం ఉందని. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్ళే పట్టించారు. సన్‌షేడ్ అడుగున అంచుకి దగ్గరగా, సెంట్రింగులోనే (కాంక్రీటు పోసే అచ్చులోనే) సన్నటి చెక్క బద్ద పెట్టి గాడి వచ్చేలా చేశారు. వాన నీరు అడుగు వెంట గోడ దాకా పాకకుండా అక్కడే చుక్కలుగా రాలిపోతుంది. పాత సన్‌షేడ్లలో ఆ గాడి లేదు.

వాడింది పీపీసీ (బూడిద లాంటి పొజొలానా కలిసిన) సిమెంటు కాబట్టి కనీసం పది రోజులు, ఎండల్లో అయితే రెండు వారాలు తడపాలన్నారు. గోనెపట్టాలు కప్పి వెళ్ళారు, నీళ్ళు కొట్టడం మా పని. లింటెల్‌కీ పై ఇటుకలకీ మధ్య సందులో గట్టి మాలు కూరి, అది బిగిశాకే పోట్లు తీశారు. ఇది తొందరపడే పని కాదు. సన్‌షేడ్ బరువు ముందుకి లాగుతుంటే పైగోడ బరువే లింటెల్‌ని వెనక్కి అదిమి పట్టాలి. ముందే పోట్లు లాగేస్తే మొత్తం ముందుకి తిరగబడే ప్రమాదం ఉంది.

మిగతా రెండు కిటికీలకి రాడ్డు వెనక వేలు దూరేంత కాంక్రీటు చెక్కి, మెరిసేదాకా వైరు బ్రష్షుతో రుద్ది, జింక్ ప్రైమరు వేసి, పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మాలు) రెండు పొరలుగా పెట్టారు. శుభ్రంగా ఉంది.

మూడింటికీ సరుకుతో కలిపి 46 వేలు అయింది. అర మార్కు తగ్గించింది ఇక్కడే. పగలగొట్టిన శిథిలం తీసుకెళ్ళడానికి 2,500 వేరే అని పని అయ్యాక చెప్పారు. మొదటే చెబితే ఇచ్చేదాన్నే. దుమ్ముకి లోపల పట్టా కట్టమంటే ఒక గదికే కట్టారు, పక్క గదిలో పుస్తకాల బీరువా నిండా దుమ్ము.

వెళ్ళేముందు మేస్త్రి గారు చెప్పినవి నేను పాటిస్తున్నాను. సన్‌షేడ్ మీద పూలకుండీలు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ పెట్టకూడదు. మే నెలాఖర్లో, వానలకి ముందు పైన చేరిన ఆకులు ఊడ్చి, రావి మొక్క మొలిస్తే వేరుతో సహా తీయాలి. అడుగున గోధుమ మరక కనిపిస్తే పెయింటు వాడికి కాదు, మేస్త్రికి ఫోన్ చెయ్యాలి.

దక్షిణం వైపు రెండు కిటికీలు కూడా వీళ్ళకే ఇచ్చాను. సంక్రాంతి అయ్యాక వస్తామన్నారు. శిథిలం ఎత్తే ఖర్చు ఈసారి ఎస్టిమేట్‌లోనే రాయించుకున్నాను.