కాజ దగ్గర ఫ్యాన్ బెల్టు తెగితే: క్రేను లెక్కలు, క్లబ్బు సంగతులు

గుంటూరులో పెళ్ళి బాగా జరిగింది. రాయాల్సిందల్లా తిరుగు ప్రయాణంలో కాజ టోల్ దాటాక రోడ్డు పక్కన పోయిన మూడు గంటల గురించే.

బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగి, వెంటనే టెంపరేచర్ ముల్లు పైకి లేచిందంటే చాలావరకు ఫ్యాన్ బెల్టు తెగినట్టే. చాలా బళ్ళలో బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నీ, ఇంజన్ చల్లబడేలా నీళ్ళు తిప్పే వాటర్ పంపునీ తిప్పేది ఆ ఒక్క బెల్టే. మంగళగిరి దాకా లాగిద్దామనుకుంటే ఇంజన్ వేడెక్కి, దాని పైభాగం కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. బండిని ఎడమకి తీసి ఇంజన్ ఆపేయాలి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. హజార్డ్ లైట్లు వేసి, వెనక యాభై మీటర్ల దూరంలో ట్రయాంగిల్ పెట్టి, మనుషులంతా రెయిలింగు అవతలకి వెళ్ళిపోవాలి.

బీమాతో పాటు డబ్బు కట్టి తీసుకున్న రోడ్ సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే క్రేను రావడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది. వచ్చినతను తాడు కట్టి లాగుతానన్నాడు. మాది ఆటోమేటిక్ బండి. ఇంజన్ ఆగితే గేర్‌బాక్సులో ఆయిల్ పంపు తిరగదు. ఆ స్థితిలో ఇంజన్ తిప్పే చక్రాలు నేల మీద దొర్లితే గేర్‌బాక్సు కాలిపోతుంది. ముందు చక్రాలతో నడిచే బండైతే ఆ రెండూ పైకెత్తాలి, లేదంటే మొత్తం బండిని ఫ్లాట్‌బెడ్ (బల్లపరుపు లారీ) మీదకి ఎక్కించాలి. అరగంట వాదిస్తేగానీ ఎత్తలేదు. ఆటోనగర్‌లో దించాక ఇంకో 3,500 ఇమ్మన్నాడు. ఉచితం పాతిక కిలోమీటర్లేనట, ఆ లెక్క క్రేను బయల్దేరిన చోటు నుంచి మొదలట! పాలసీ తీసి చూస్తే నిజంగానే చిన్న అక్షరాల్లో ఉంది. మా అత్తయ్య సారె బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఎండలో కూర్చుంది, ఇంటికెళ్ళే దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అందుకే జాతీయ రహదారి మీద బండి ఆగితే ముందు జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. రోజంతా పనిచేస్తుంది. ఏ రహదారి, ఎటు వైపు, దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద ఎంతుంది, ఈ మూడూ చెబితే చాలు. మేం ఆలస్యంగా చేసినా పాతిక నిమిషాల్లో పెట్రోలింగ్ బండి వచ్చి వెనక కోన్లు పెట్టింది, పైసా అడగలేదు. కాకపోతే వాళ్ళు బండిని రోడ్డు మీంచి తప్పిస్తారంతే, మీ మెకానిక్ దాకా తీసుకెళ్ళరు.

అసలు దారిలో ఆగిన బండికి సాయం చేసే ఈ సేవ పుట్టింది ఆటోమొబైల్ క్లబ్బుల్లో. 1905లో బ్రిటన్ ఏఏ (ఆటోమొబైల్ అసోసియేషన్) మొదలైందే వేగం పట్టుకోవడానికి పోలీసులు ఎక్కడ మాటు వేశారో సభ్యులకి చెప్పడానికి. అమెరికాలో ట్రిపుల్ ఏ (అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్) 1902లో చికాగోలో పుట్టింది. జర్మనీ క్లబ్బు ఏడీఏసీ 1903లో మోటార్ సైకిల్ వాళ్ళ సంఘంగా మొదలైంది. మన దేశంలోనూ కలకత్తాలో 1904లో, బొంబాయిలో 1919లో ఇలాంటి సంఘాలు వచ్చాయి, దక్షిణాదికి ఉన్నది మద్రాసులో. జర్మనీలో ఏడీఏసీ వాళ్ళ పసుపు బండి వస్తే చాలావరకు రోడ్డు పక్కనే బాగుచేసి పంపిస్తుంది, ఎందుకంటే వచ్చేవాడు క్లబ్బు మెకానిక్, క్రేను కిరాయి మీద బతికేవాడు కాదు. మాకు కావలసిందీ అదే. బెల్టు, పానాలు పట్టుకుని ఒక మనిషి వచ్చుంటే అక్కడే అయిపోయేది.

ఆటోనగర్‌లో బెల్టు 850, మజూరీ 400, నలభై నిమిషాల పని. మెకానిక్ పాత బెల్టుని తిరగేసి వంచి చూపించాడు. లోపలి గాడులకి అడ్డంగా, వేలెడు వేలెడు దూరంలో పగుళ్ళు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే బెల్టు కీచుమంటుంటే ఇలా వంచి చూడండి. అదే నంబరు బెల్టు ఇంకోటి కొని డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టించాం.