ఎలాస్టిక్ బెడ్‌షీట్: మడత మేలా, చుట్ట మేలా, గలీబు కట్ట మేలా?

ఎలాస్టిక్ బెడ్‌షీట్ పరుపు మీద ఉన్నన్నాళ్లు దానంత సుఖం లేదు. పిల్లలు ఎంత దొర్లినా అంచు లేవదు, పొద్దున్నే లేచి నాలుగు వైపులా దోపే పనీ ఉండదు. చిక్కంతా ఉతికి ఆరేసి తెచ్చాకే మొదలవుతుంది. మామూలు దుప్పటి అయితే ఇద్దరు చెరో పక్క కొసలు పట్టుకుని మూడు నాలుగు మడతల్లో పని ముగించేస్తారు. దీనికి పట్టుకుందామంటే కొసే దొరకదు. నాలుగు మూలలూ కుట్టేసి ఉంటాయి, అంచంతా ముడుచుకుపోయి ఉంటుంది. దాంతో చాలా ఇళ్లలో జరిగేది ఒకటే: ఉండ చుట్టి బీరువాలో కుక్కడం, తలుపును మోకాలితో నెట్టి గొళ్లెం తిప్పడం. తర్వాత ఎవరైనా చీర కోసం తలుపు తీస్తే ముందు ఆ ఉండ వచ్చి కాళ్ల మీద పడుతుంది.

ఉండ కాకుండా దీన్ని సర్దడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. మూలలో మూల దూర్చి చదరంగా మడతపెట్టడం ఒకటి, పొడవుగా మడిచి చుట్టడం రెండోది, సెట్టంతా దాని గలీబులోనే పెట్టి కట్టలా ఉంచడం మూడోది. నా మాట ముందే చెప్తాను. బీరువా అరలో పెట్టేదైతే మడతే మేలు. దివాన్ పెట్టెలోనో సజ్జ మీదో పెట్టేదైతే గలీబు కట్ట. చుట్టడం మాత్రం ఇంట్లో పెద్దగా పనికిరాదు, ప్రయాణానికి పనికొస్తుంది. ఎందుకో వివరంగా చూద్దాం.

దానికన్నా ముందు మీ షీటు ఏ రకమో ఒకసారి తిరగేసి చూడండి. కొన్నిటికి నాలుగు మూలల దగ్గర మాత్రమే ఎలాస్టిక్ ఉంటుంది, మధ్యలో అంచు మామూలు బట్టే. కొన్నిటికి చుట్టూతా ఉంటుంది. మొదటి రకం మడతకు బాగా లొంగుతుంది. రెండో రకం పరుపును గట్టిగా పట్టుకుంటుంది కానీ, తీశాక నాలుగు వైపుల నుంచీ ముడుచుకుని మధ్యలో ఉబ్బుతుంది. దాన్ని ఇస్త్రీ చేసిన చొక్కాలా మడతపెట్టాలని పంతం పట్టొద్దు, ఎవరి వల్లా కాదు. ఉబ్బు కాస్త ఉన్నా చదరంగా కూర్చుంటే చాలు.

మడత గురించి

ఈ పద్ధతి వీడియోల్లో చూస్తే అర నిమిషంలో అయిపోతుంది. మన చేతికొచ్చేసరికి మూడో మూల దగ్గర అందరూ ఆగిపోతారు. కాబట్టి అక్కడ కాస్త నెమ్మదిగా చెప్తాను.

షీటును ఉల్టా చేయండి, అంటే కుట్లు కనిపించే వైపు బయటికి రావాలి. ఒకే వైపున్న రెండు మూలలు వెతికి, రెండు చేతులూ వాటి లోపల పెట్టండి. మూల కుట్టు సరిగ్గా వేళ్ల కొసకు తగలాలి, ఆ ఆనవాలు ముఖ్యం. ఇప్పుడు కుడిచేతిని ఎడమచేతి దగ్గరకు తెచ్చి, కుడిచేతి మీదున్న మూలను తిప్పి ఎడమచేతి మూల మీద టోపీ మీద టోపీలా తొడగండి. కుడిచేయి ఖాళీ అయింది. ఎడమచేతి నుంచి కిందికి వేలాడుతున్న ఎలాస్టిక్ అంచును కుడిచేత్తో పట్టుకుని, అంచు వదలకుండా కిందికి జారుస్తూ వెళ్లండి. మూడో మూల దానంతటదే చేతికి తగులుతుంది. గాలిలో వెతికితే దొరకదు, అంచు వెంట వెళ్తేనే దొరుకుతుంది. దాన్నీ పైకి తెచ్చి అవే రెండింటి మీద వేయండి. నాలుగోది కూడా అంతే. ఇప్పుడు నాలుగు మూలలూ ఒక్క ఎడమచేతి మీద ఉన్నాయి.

అలాగే తీసుకెళ్లి మంచం మీద పరవండి. రెండు వైపులు తిన్నగా, పక్కపక్కనే ఉన్న మిగతా రెండు వైపులు ఎలాస్టిక్ ముడతలతో కనిపిస్తాయి. ఆ ముడతల వైపులను జానెడు చొప్పున లోపలికి మడిచి అరచేత్తో ఒత్తండి. అంతే, చదరం వచ్చేసింది. 6 అడుగుల వెడల్పు, 6.5 అడుగుల పొడవున్న పరుపు షీటు అయితే ఈ దశలో దాదాపు 36 అంగుళాలకు 39 అంగుళాలు ఉంటుంది. దాన్ని ఒక వైపు మూడు మడతలు, ఇంకో వైపు మూడు మడతలు వేస్తే ఇంచుమించు అడుగు చదరం అవుతుంది. అడుగున్నర లోతున్న బీరువా అరలో హాయిగా పడుతుంది, ముందు ఇంకా చేయి పట్టేంత చోటు మిగులుతుంది.

చాలామంది రెండుగా మడిచి, మళ్లీ రెండుగా మడుస్తారు. అలా చేస్తే ఎలాస్టిక్ అంచులన్నీ ఒకే వైపు చేరి ఆ పక్క లావుగా, ఈ పక్క పల్చగా అవుతుంది. దాని మీద ఇంకో మూడు పెడితే మొత్తం దొంతర పక్కకు ఒరుగుతుంది. మూడు మడతల్లో ఆ లావు మధ్యలోకి పోతుంది. అరలో పెట్టేటప్పుడు కూడా మడత మొహం బయటికి, కొసలు గోడ వైపుకు ఉంటే ఒకటి లాగినా మిగతావి కదలవు.

ఈ పనిలో ఇంకో సంగతి, ఇద్దరి కన్నా ఒక్కరే చేస్తే బాగా వస్తుంది. మామూలు దుప్పట్ల అలవాటుతో అత్తాకోడళ్లు చెరో పక్క నిలబడి లాగితే, “గట్ల గుంజకు బిడ్డా, ఎలాస్టిక్ సాగుతది” అనే మాట పడుతుంది. ఆ మాటలో తప్పు లేదు. కుట్టు దగ్గర ఒకసారి ‘టప్’మని తెగితే ఆ మూల ఇక పరుపును పట్టుకోదు.

చుట్టడం ఎందుకు నప్పదు

వరంగల్‌లో పుట్టి పెరిగినవాళ్లకు చుట్టడం అంటే ఇష్టం ఉండటం సహజమే. కొత్తవాడ జంపఖానాలను చుట్టి మూలన నిలబెట్టడం చూస్తూ పెరిగాం. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన ఈ వరంగల్ జంపఖానాలు మందపాటి నూలుతో బరువుగా ఉంటాయి. ఒకేచోట మడిచి ఏళ్ల తరబడి ఉంచితే ఆ గీత నేతలో దిగబడిపోతుంది. అందుకే వాటికి చుట్ట మంచిది. బరువు ఉంటుంది కాబట్టి చుట్టితే చుట్టినట్టే ఉంటాయి.

బెడ్‌షీట్ పల్చన. పైగా లోపల ఎలాస్టిక్ ఊరుకోదు. చుట్టి అరలో పెట్టిన కాసేపటికి కొస వదులై విచ్చుకోవడం మొదలవుతుంది. బీరువా అర నున్నటి ఇనుము, చుట్టలు ఒకదాని మీద ఒకటి నిలవవు. కింది దాన్ని లాగితే పైవి దొర్లుతాయి. చుట్టితే ముడతలు పడవు అంటారు కానీ, ఆ లాభం ఈ షీటుకు అక్కర్లేదు. పరుపుకు తొడిగినప్పుడు ఎలాస్టిక్ నాలుగు వైపులా లాగి మడత గీతలను ఎలాగూ సగం చదును చేస్తుంది. లేని రోగానికి మందెందుకు?

హాస్టల్‌కు పోయే పిల్లల సంగతి వేరు. నిట్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో సీటు వచ్చి సూట్‌కేసు సర్దుకుంటుంటే సింగిల్ సైజు షీటును గట్టిగా చుట్టి, బట్టల మధ్య సందుల్లో దూర్చడం కన్నా మంచి ఉపాయం లేదు. పైన ఒక రబ్బరు బ్యాండు వేస్తే సరి.

గలీబు కట్ట

ఇది చూడటానికి అందంగా ఉండదు, అయినా నాకు మక్కువ దీని మీదే. ఎలాస్టిక్ షీటు, కప్పుకునే దుప్పటి, ఒక గలీబు ఓ మోస్తరుగా మడిచి, ఆ సెట్టుకే చెందిన రెండో గలీబులో పెట్టి మూతిని లోపలికి మడిచేయాలి. మూలలు సరిగ్గా రాలేదన్న బాధ లేదు, లోపల ఎలా ఉన్నా బయట కనిపించేది గలీబే.

దీని విలువ చుట్టాలు దిగినప్పుడు తెలుస్తుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తే హనుమకొండ, వరంగల్ ఇళ్లలో చాలావరకు సత్రాలే. కరీంనగర్ నుంచి ఒక బండి, ఆదిలాబాద్ నుంచి ఇంకో బండి రాత్రి దిగి, తెల్లారకముందే తాడ్వాయి దారి పడతాయి. ఆ రాత్రి పదింటికి బీరువా ముందు నిలబడి ఈ షీటుకు ఆ గలీబు, ఆ షీటుకు ఈ గలీబు అని వెతికే ఓపిక ఎవరికుంటుంది? కట్టలుగా ఉంటే, “దివాన్‌లోంచి నీలిది, పూలది పట్టుకురా” అని చిన్నపిల్లాడికి చెప్పినా తెచ్చేస్తాడు. ఒక కట్ట విప్పితే ఒక మంచం సిద్ధం. బతుకమ్మకు ఆడబిడ్డలు వచ్చినప్పుడూ ఇదే సుఖం.

లోపాలూ ఉన్నాయి. కట్టలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి బీరువాలో రెండుకు మించి ఒకదాని మీద ఒకటి ఆగవు. దివాన్ పెట్టెలో, సజ్జ మీద ఆ ఇబ్బంది లేదు. బయటి గలీబు మాత్రం కచ్చితంగా నలుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైంది, లోపల ఒక్కటి కాస్త పచ్చిగా ఉన్నా కట్టంతా ముక్కిన వాసన పడుతుంది. మడతపెట్టిన దొంతరలో అయితే పాడైనదొకటే పాడవుతుంది.

అసలు మామూలు దుప్పటే మేలేమో?

ఈ ప్రశ్న ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా వేస్తారు, కొట్టిపారేయదగ్గదీ కాదు. దివాన్‌కు, మడత మంచానికి, నేల మీద వేసే పరుపుకు మామూలు దుప్పటే వాడాలి. ఒకే దుప్పటి అన్నిటికీ సరిపోతుంది, మడత క్షణంలో పని. పాతబడ్డాక బొంతకు పనికొస్తుంది, కారం పట్టించేముందు డాబా మీద చపాటా మిరపకాయలు ఎండబోయడానికి పనికొస్తుంది. ఎలాస్టిక్ పోయిన షీటు మూలలు కత్తిరిస్తే తప్ప దేనికీ పనికిరాదు. రోజూ పడుకునే మంచానికి, ముఖ్యంగా పిల్లలున్నచోట, ఎలాస్టిక్‌దే గెలుపు. కొనేటప్పుడు పరుపు పొడవు వెడల్పులతో పాటు మందం కూడా టేపుతో కొలవండి. 8 అంగుళాల పరుపుకు 6 అంగుళాల లోతున్న షీటు తొడిగితే అర్ధరాత్రి మూల ఊడి వస్తుంది.

దాచే ముందు

మడత ఏదైనా సరే, షీటు పాడయ్యేది ఎండలోనో తేమలోనో. మన వైపు మే నెల ఎండ సంగతి తెలిసిందే. రామగుండంలో బయట నిలబడితేనే ఒళ్లు పేలిపోతుంది, ఇక ఎలాస్టిక్ ఎంత? వేడికీ ఎండకూ అది గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుంటుంది. ఎండాకాలం నీడపట్టున ఆరేయండి, కుదరకపోతే ఉల్టా చేసి దండెం మీద వేసి పొద్దు ఎక్కేసరికి తీసేయండి. క్లిప్పులు ఎలాస్టిక్ మీద కాకుండా బట్ట మీద పెట్టాలి. తెల్ల షీటుకు బ్లీచింగ్ వాడితే కూడా ముందు దెబ్బతినేది ఎలాస్టిక్కే.

వానాకాలం కథ వేరు. షీటు మధ్యలో పెళపెళలాడుతూ ఆరిపోయినట్టే ఉంటుంది, అంచు లోపల మాత్రం తడి ఉంటుంది, ఎందుకంటే అక్కడ బట్ట రెండు మూడు పొరలు. మడతపెట్టే ముందు ఎలాస్టిక్ ఉన్న అంచును చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా పచ్చిగా ఉన్నట్టే, ఫ్యాను కింద ఇంకో పూట వేయాలి. కొన్నప్పుడు వచ్చిన జిప్పు ప్లాస్టిక్ కవరులో తిరిగి పెట్టడం చాలామందికి అలవాటు. దుమ్ము పడదు నిజమే, లోపలి తేమ కూడా బయటికి పోదు. పాత కాటన్ చీర ముక్కలో చుట్టి పెడితే రెండు సమస్యలూ ఉండవు. బీరువాను తడి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. గంజి పెట్టిన దుప్పట్లను నెలల తరబడి దాచకండి, బట్టలు కొట్టే పురుగుకు గంజి అంటే ప్రాణం.

కలరా ఉండలు వేసే ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. కూతురు పురిటికి వచ్చే ఇంట్లో మాత్రం వాటిని తీసేయాల్సిందే. వాటిలో నాఫ్తలీన్ ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పసిపిల్లలకు ఆ వాసన పట్టిన బట్టలు తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి, రక్తహీనత, తీవ్రమైన కామెర్లు రావచ్చు. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో మొదటి రోజుల్లో చాలామందికి తెలియదు. కలరా ఉండలతో పాటు ఇన్నాళ్లూ ఉన్న షీట్లను పసిబిడ్డకు వేసే ముందు ఉతికి, గాలికి బాగా ఆరబెట్టాలి. వాటి బదులు నీడలో ఎండిన వేపాకును పల్చటి గుడ్డలో మూటకట్టి పెట్టండి. పచ్చి ఆకు పెడితే తెల్ల షీటుకు మరకలు పడతాయి.

ఇంట్లో ఒకే డబుల్ కాట్, రెండే షీట్లు ఉన్నవాళ్లకు ఈ గొడవ అంతా అక్కర్లేదు. ఒకటి ఉతుకుడుకు పోతే ఇంకోటి పరుపు మీదికి ఎక్కుతుంది, దాచేది ఏ సమయానికైనా ఒక్కటే. దాన్ని నాలుగు మూలల మడత వేసి, పరుపు కింద తలవైపు చదునుగా పరిచి పెట్టినా సరిపోతుంది.